రీఫండ్ కోసం ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు

ఆగస్టు నుంచి సంక్రాంతి దాకా నాకొచ్చే ఫోన్లలో సగం ఒకటే ప్రశ్నతో మొదలవుతాయి: "అమ్మా, నా రీఫండ్ ఎప్పుడు పడుతుంది?" గుంటూరు అరండల్‌పేటలో ఒక చిన్న గదిలో కూర్చుని ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్నులు వేస్తుంటాను. నా దగ్గరికి వచ్చేవాళ్లు ఎక్కువగా రిటైరైన టీచర్లు, ప్రభుత్వ ఉద్యోగులు, మిర్చి యార్డు కమీషన్ కొట్లలో గుమస్తాలు. వీళ్లలో చాలామందికి రావాల్సింది న్యాయమైన డబ్బే. మాస్టారు పెన్షన్ డబ్బు ఫిక్స్‌డ్ డిపాజిట్ చేస్తారు, ఏప్రిల్‌లో పన్ను కోయొద్దని బ్యాంకుకు రాసిచ్చే ఫారం ఇవ్వడం మర్చిపోతారు, బ్యాంకు వాళ్లు వడ్డీలో పది శాతం టీడీఎస్ కింద కోసేస్తారు. లెక్కేస్తే ఆయన కట్టాల్సిన పన్ను సున్నా. ఆ కోసిన డబ్బు వెనక్కి రావాలంటే రిటర్ను వేసి ఎదురుచూడాల్సిందే.

మోసగాళ్లకు కావాల్సింది ఈ ఎదురుచూపే. లాటరీ తగిలిందని మెసేజ్ వస్తే మాస్టారు నవ్వి తీసేస్తారు. రీఫండ్ మంజూరైందని వస్తే మాత్రం కళ్లజోడు పెట్టుకుని చదువుతారు. ఎందుకంటే అది నిజంగా రావాల్సి ఉంది.

అందుకే మా వాళ్లకు మోసాల జాబితా చెప్పడం మానేశాను. అది ప్రతి ఏడూ మారుతూనే ఉంటుంది. దానికి బదులు అసలు రీఫండ్ ఏ దారిలో వస్తుందో చెబుతున్నాను. ఆ దారి తెలిసినవాళ్లకు, దాని పక్కన ఎవరు నిలబడి పిలిచినా అనుమానం దానంతటదే వస్తుంది.

రిటర్ను వేశాక 30 రోజుల్లో ఈ-వెరిఫై చేయాలి. ఆధార్ ఓటీపీతోనో, నెట్ బ్యాంకింగ్‌తోనో మనమే చేసుకుంటాం. కుదరకపోతే సంతకం పెట్టిన కాగితం బెంగళూరులో రిటర్నులు ప్రాసెస్ చేసే కేంద్రం సీపీసీకి స్పీడ్ పోస్టులో పంపుతాం. మన పని అక్కడితో అయిపోయింది. ఆ తర్వాత రిటర్నును ప్రాసెస్ చేసేది సీపీసీ కంప్యూటర్లు. లెక్క సరిపోయిందో లేదో చెబుతూ 143(1) ఇంటిమేషన్ మెయిల్‌కు వస్తుంది. ఆ పీడీఎఫ్ తెరవడానికి పాస్‌వర్డ్ మన పాన్ నంబరు చిన్న అక్షరాల్లో, పక్కనే పుట్టిన తేదీ. ఆపైన స్టేట్ బ్యాంకు ద్వారా డబ్బు నేరుగా మనం పోర్టల్‌లో ముందే వ్యాలిడేట్ చేసుకున్న ఖాతాలో పడుతుంది. మన ఖాతా ఏ బ్యాంకులో ఉన్నా పంపేది మాత్రం స్టేట్ బ్యాంకే. ఈ మొత్తం దారిలో ఫోన్ చేసి అడగాల్సిన అవసరం ఎవరికీ లేదు. కార్డు నంబరుతో పని లేదు, యూపీఐ పిన్‌తో అసలే లేదు. డబ్బు మన ఖాతాలోకి రావడానికి ఏ పిన్నూ అక్కర్లేదన్న సంగతి ఒక్కటి గట్టిగా పట్టుకుంటే సగం మోసాలు గుమ్మం దాటి లోపలికి రావు.

ఒక్కోసారి రీఫండ్ ఫెయిలవుతుంది, అదీ నిజమే. ఖాతా మూసేసి ఉండొచ్చు, బ్యాంకులో పేరు పాన్‌లో పేరుతో కలవకపోవచ్చు, ఆధార్‌తో లింకు కాక పాన్ పనిచేయకుండా పోయి ఉండొచ్చు. అప్పుడు కూడా సరిచేసుకోవాల్సింది మన లాగిన్‌లోనే. 'మై బ్యాంక్ అకౌంట్'లో సరైన ఖాతా చేర్చి వ్యాలిడేట్ చేసుకుని, సర్వీసెస్‌లో 'రీఫండ్ రీఇష్యూ' అడగాలి. వాట్సాప్‌లో ఎవరికో పాస్‌బుక్ ఫొటో పంపితే జరిగే పని కాదది.

ఆలస్యం గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే జనం చిక్కుకునేది ఆ టెన్షన్‌లోనే. రిటర్ను వేసిన ఆర్థిక సంవత్సరం ముగిశాక ఇంకా తొమ్మిది నెలల వరకు ప్రాసెస్ చేయడానికి డిపార్ట్‌మెంటుకు గడువుంది. అంటే 2025 ఆగస్టులో వేసిన రిటర్నుకు 2026 డిసెంబరు 31 వరకు. చాలావాటికి అంత పట్టదు, కొన్నిటికి పడుతుంది. పక్కింటాయనకు పది రోజుల్లో వచ్చి మీకు మూడు నెలలైనా రాలేదంటే ఫైలు ఎక్కడో ఇరుక్కుందనీ, ఎవరికో చేయి తడపాలనీ అనుకోవద్దు. ఆలస్యానికి నెలకు అర శాతం చొప్పున వడ్డీ కూడా చాలా సందర్భాల్లో కలిపే ఇస్తారు.

ఇక ఆ మెసేజ్‌ల సంగతి. 2023లో దేశమంతా తిరిగినదాన్ని కేంద్ర ప్రభుత్వ పీఐబీ ఫ్యాక్ట్ చెక్ వాళ్లు నకిలీ అని తేల్చారు. దాన్ని నా దగ్గరికి వచ్చేవాళ్లందరికీ ఒక ముక్కా వదలకుండా చదివి వినిపిస్తాను. దాని సారాంశం ఇది: మీకు రూ.15,490 రీఫండ్ మంజూరైంది, త్వరలో ఖాతాలో జమ అవుతుంది, మీ ఖాతా నంబరు 5తో మొదలై 6755తో ముగుస్తుంది, సరిచూసుకోండి, ఇది తప్పయితే కింది లింకులో మార్చుకోండి.

ఇందులో అందరూ లింకును చూసి జాగ్రత్త అంటారు. నేను ఖాతా నంబరు చూడమంటాను. ఆ నంబరు మీది కాదు. మీదని నమ్మించాలన్న ఉద్దేశం కూడా వాడికి లేదు. చదవగానే "అయ్యో, నా డబ్బు ఇంకెవరి ఖాతాలోకో వెళ్లిపోతోంది" అని గుండె జల్లుమనాలి. ఆ కంగారులో వేలు దానంతటదే లింకు మీదికి పోతుంది. 15,490 అన్న అంకె కూడా ఆలోచించి పెట్టిందే. అయిదు లక్షలంటే ఎవరూ నమ్మరు. పదిహేను వేలంటే, ఏమో, వచ్చినా రావచ్చు అనిపిస్తుంది.

లింకు అవతల ఏముంటుందో 2021 సెప్టెంబరులో కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ వివరంగా బయటపెట్టింది. డ్రినిక్ అనే ఆండ్రాయిడ్ మాల్‌వేర్, 27కు పైగా బ్యాంకుల ఖాతాదారులు గురి. లింకు నొక్కితే ఇన్‌కమ్ ట్యాక్స్ సైటులాగే కనిపించే పేజీ వస్తుంది, అక్కడ ఒక ఏపీకే ఫైలు, అంటే ప్లే స్టోర్‌తో పనిలేకుండా ఫోనులో వేసుకునే యాప్, దింపుకోమంటుంది. ఇన్‌స్టాల్ చేయగానే ఎస్ఎంఎస్‌లు, కాల్ లాగ్స్, కాంటాక్ట్స్ అన్నిటికీ అనుమతి అడుగుతుంది. తర్వాత ఫారం. పేరు, పాన్, ఆధార్, పుట్టిన తేదీ, ఖాతా నంబరు, ఐఎఫ్ఎస్‌సీ, ఆ వెంటే డెబిట్ కార్డు నంబరు, సీవీవీ, పిన్. అన్నీ నింపాక మీ రీఫండ్ ఇంత, ట్రాన్స్‌ఫర్ నొక్కండి అంటుంది. నొక్కితే ఏదో ఎర్రర్ వచ్చి, అప్‌డేట్ అవుతున్నట్టు ఒక తెర నిలబడిపోతుంది. మీరు ఆ తెర చూస్తూ కూర్చున్నంతసేపూ మీ ఎస్ఎంఎస్‌లు అవతల వాళ్లకు చేరుతుంటాయి. ఓటీపీలతో సహా. మరుసటి ఏడాది దొరికిన కొత్త రకంలో రూ.57,100 తక్షణ రీఫండ్ అని చూపించేది. ఇప్పుడు పీఎం కిసాన్ అనీ, ట్రాఫిక్ చలానా అనీ వాట్సాప్‌లో వచ్చే ఏపీకేలూ ఈ కోవలోవే.

ఒక మధ్యాహ్నం రిటైర్డ్ హెడ్మాస్టరు ఒకాయన ఫోను చెవి దగ్గర పెట్టుకునే మా మెట్లెక్కి వచ్చారు. అవతలివాడు ఇంకా లైన్‌లోనే ఉన్నాడు. "సీపీసీ బెంగళూరు నుంచటమ్మా. నా పాన్ నంబరు వాడే చదివాడు. రీఫండ్ హోల్డ్‌లో ఉందట, ఏదో యాప్ వేసుకోమంటున్నాడు, నాకు చేతకాక నీ దగ్గరికొచ్చా" అన్నారు. అది ఫోన్ తెర అవతలివాళ్లకు కనిపించేలా చేసే స్క్రీన్ షేరింగ్ యాప్. నేను ఫోను తీసుకుని, "ఈయన 143(1) ఇంటిమేషన్ మీద ఉన్న డిన్ నంబరు చెప్పండి" అని అడిగాను. "మేడమ్, పది నిమిషాల్లో చేయకపోతే రీఫండ్ లాప్స్ అయిపోతుంది" అన్నాడు. మళ్లీ అదే అడిగాను. పెట్టేశాడు.

మాస్టారికి మాత్రం మనసు కుదుటపడలేదు. "పాన్ వాడికెలా తెలిసింది మరి?" అని మూడుసార్లు అడిగారు. మన పాన్ ఎన్ని చోట్ల ఇస్తామో ఆలోచించండి మాస్టారూ అన్నాను. బంగారం కొట్లో, లాడ్జిలో, సిమ్ కార్డుల కొట్లో, జిరాక్స్ షాపులో. మన వివరాలు చదివి వినిపించినంత మాత్రాన వాడు ఆఫీసరు కాడు. పక్కనే సిస్టమ్‌లో ఆయన లాగిన్ తెరిచి చూపించాను, రిటర్ను 'అండర్ ప్రాసెసింగ్' అని ఉంది. హోల్డూ లేదు, లాప్సూ లేదు.

డిన్ అన్నాను కదా, దాని గురించి రెండు ముక్కలు. 2019 అక్టోబరు 1 నుంచి డిపార్ట్‌మెంటు పంపే నోటీసుల మీద, ఆర్డర్ల మీద, ఉత్తరాల మీద డాక్యుమెంట్ ఐడెంటిఫికేషన్ నంబరు ఉండాలి. పోర్టల్ మొదటి పేజీలోనే, లాగిన్ కూడా అక్కర్లేకుండా, 'అథెంటికేట్ నోటీస్/ఆర్డర్ ఇష్యూడ్ బై ఐటీడీ' అని ఉంటుంది. అక్కడ చూసుకుంటే ఆ కాగితం అసలుదో నకిలీదో తేలిపోతుంది. పోర్టల్ చిరునామా ఇన్‌కమ్‌టాక్స్ డాట్ గవ్ డాట్ ఇన్. చివర గవ్ డాట్ ఇన్ కాకుండా ఇంకేమున్నా, మధ్యలో రీఫండ్ అనో ఈఫైలింగ్ అనో ఎంత నమ్మకంగా రాసి ఉన్నా, అది మనది కాదు.

అయితే అన్నీ దొంగ మెసేజ్‌లే అనుకుని తీసేయడం కూడా ప్రమాదమే. 2025 డిసెంబరులో డిపార్ట్‌మెంటు నిజంగానే చాలామందికి మెసేజ్‌లు, మెయిళ్లు పంపింది. మీ రిటర్నులో కొన్ని మినహాయింపులు అనుమానంగా ఉన్నాయి, రీఫండ్ ఆపాం, తప్పుంటే డిసెంబరు 31 లోపు సవరించుకోండి అని. మా దగ్గరికి వచ్చేవాళ్లలో కొందరు అది మోసమనుకుని చెరిపేశారు. మెసేజ్ చూసి నిజమో కాదో తేల్చే ప్రయత్నమే వద్దు. దాంట్లో లింకు ముట్టుకోకుండా, చిరునామా మనమే టైప్ చేసి లాగిన్ అయి చూసుకోవాలి. నిజమైన సంగతైతే అక్కడ కచ్చితంగా కనిపిస్తుంది.

ఆ డిసెంబరు మెసేజ్‌లు ఎందుకొచ్చాయో చెప్పాలంటే రెండో రకం మోసం దగ్గరికి రావాలి. ఇది నన్ను ఎక్కువ బాధపెడుతుంది. మొదటి రకంలో దొంగ ఎక్కడో ఉంటాడు. ఇందులో వాణ్ని మన కొలీగే మనకు పరిచయం చేస్తాడు. "మా వాడొకడున్నాడు, అందరికీ రీఫండ్ తెప్పిస్తాడు, వచ్చిన దాంట్లో పది శాతం ఇస్తే చాలు." ఫారం 16 ఫొటో, పాన్, ఆధార్ ఓటీపీ ఇస్తే చాలు, నెల తిరక్కుండా ఖాతాలో డబ్బు పడుతుంది. పడుతుంది కాబట్టే నమ్ముతారు.

పోయిన నెల ఒక ప్రభుత్వోద్యోగి పాత రిటర్నులు పట్టుకుని వచ్చారు. లోను కోసం బ్యాంకు వాళ్లు అడిగారట. పాస్‌వర్డ్ ఆయనకు తెలియదు. ఆధార్ ఓటీపీతో రీసెట్ చేసి లోపలికి వెళ్లాం. ప్రొఫైల్‌లో ఉన్న మెయిల్ ఆయనది కాదు, మొబైల్ నంబరూ ఆయనది కాదు. రిటర్ను తెరిచాను. ఎడ్యుకేషన్ లోను వడ్డీ లక్షా పది వేలు అని ఉంది. ఆయన పిల్లల్లో పెద్దది ఆరో తరగతి, చిన్నోడు మూడు. రాజకీయ పార్టీకి విరాళం అరవై వేలు. ఆ పార్టీ పేరు చదివితే ఆయన ఎప్పుడూ వినలేదన్నారు. "మేడమ్, మా ఆఫీసులో చాలామందికి చేశాడండీ. హండ్రెడ్ పర్సెంట్ లీగల్ అన్నాడు" అని కుర్చీలో కూలబడ్డారు.

కాగితం మీద లెక్క వేసి చూపించాను. దొంగ మినహాయింపులు మొత్తం 1,70,000. ఆయన ఇరవై శాతం స్లాబులో ఉన్నారు కాబట్టి పన్ను 34,000, నాలుగు శాతం సెస్సుతో 35,360. రీఫండ్‌గా ఎక్కువ వచ్చింది అది. ఏజెంటుకు ఇచ్చింది మూడున్నర వేలు. పట్టుబడితే ఆ 35,360 వెనక్కి కట్టాలి, వడ్డీ వేరు. ఆదాయాన్ని కావాలని తప్పుగా చూపించారని తేలితే ఇన్‌కమ్ ట్యాక్స్ చట్టం సెక్షన్ 270ఏ కింద పన్నుకు రెండింతలు జరిమానా, అంటే 70,720. ప్రాసిక్యూషన్ దాకా వెళ్లే అవకాశమూ చట్టంలో ఉంది. ఇదంతా పడేది రిటర్ను ఎవరి పాన్ మీద ఉందో ఆయన మీదే. నోటీసులో ఏజెంటు పేరు ఉండదు.

ఇది గుంటూరుకే ఉన్న జబ్బు కాదు. 2025 జులై 14న డిపార్ట్‌మెంటు దేశవ్యాప్తంగా 150 చోట్ల తనిఖీలు చేసింది. ఏజెంట్లు గంపగుత్తగా రిటర్నులు వేయడానికి తాత్కాలిక మెయిల్ ఐడీలు సృష్టిస్తున్నారనీ, తర్వాత వాటిని వదిలేయడంతో నోటీసులు ఎవరూ చదవకుండా పడి ఉంటున్నాయనీ అప్పుడు ప్రకటనలో చెప్పారు. నేను ఆ ఉద్యోగి ప్రొఫైల్‌లో చూసింది సరిగ్గా అదే. అంతకుముందు నాలుగు నెలల్లో దాదాపు 40,000 మంది తామంతట తామే రిటర్నులు సవరించుకుని రూ.1,045 కోట్ల తప్పుడు క్లెయిములు వెనక్కి తీసుకున్నారని కూడా అదే ప్రకటనలో ఉంది.

ఎక్కువగా వాడే దారుల్లో ఒకటి సెక్షన్ 80జీజీసీ, అంటే రాజకీయ పార్టీలకు విరాళం. ఎన్నికల్లో కనిపించని ఏదో పార్టీ ఖాతాకు చెక్కు వెళ్తుంది, కమీషన్ పోను మిగతాది నగదుగా తిరిగి వస్తుంది. కొందరికి ఆ చెక్కు కూడా ఉండదు, రిటర్నులో అంకె మాత్రం ఉంటుంది. ఇప్పుడు పాలసీ నంబర్లు, లోను ఇచ్చిన బ్యాంకు వివరాలు రిటర్నులోనే అడుగుతున్నారు కాబట్టి పాత పద్ధతిలో అంకెలు పెట్టేసి బయటపడటం కష్టమైంది. పైగా కొత్త పన్ను విధానంలో ఈ మినహాయింపులేవీ లేవు. మీరు అందులో ఉన్నా ఎవరైనా పెద్ద రీఫండ్ తెప్పిస్తానన్నాడంటే, మీకు చెప్పకుండా పాత విధానంలోకి మార్చి వేస్తాడని అర్థం.

అమెరికాలో పిల్లలున్న ఇళ్లకు ఒక మాట. అక్కడా ఇవే రెండు రకాలు. అక్కడి పన్నుల శాఖ ఐఆర్ఎస్ నుంచి అంటూ ఫోన్ చేసి, వెంటనే గిఫ్ట్ కార్డులతో కట్టకపోతే అరెస్టు అనేవాళ్లు మొదటి రకం. ఐఆర్ఎస్ మామూలుగా ముందు పోస్టులో ఉత్తరం పంపుతుంది, గిఫ్ట్ కార్డు ఎప్పుడూ అడగదు. రెండో రకం, తెలుగు గ్రూపుల్లో "మ్యాగ్జిమం రీఫండ్ గ్యారంటీ" అనే ప్రిపేరర్లు. ఎఫ్-1 వీసా మీద ఉన్న విద్యార్థి మొదటి సంవత్సరాల్లో మామూలుగా నాన్ రెసిడెంట్ల రిటర్ను 1040-ఎన్ఆర్ వేయాలి. భారత్‌తో ఉన్న ఒప్పందం వల్ల మన విద్యార్థులకు స్టాండర్డ్ డిడక్షన్ ఎలాగూ దొరుకుతుంది. అది చాలదని రెసిడెంటులాగా 1040 వేయించి ఎడ్యుకేషన్ క్రెడిట్ లాగుతారు. రేపు గ్రీన్ కార్డు దగ్గర పాత రిటర్నులు చూస్తారు కదా అని ఆ పిల్లలకు ఎవరూ చెప్పరు. డబ్బు తీసుకుని రిటర్ను తయారుచేసేవాడు ఐఆర్ఎస్ తనకిచ్చిన పీటిన్ నంబరు రాసి సంతకం పెట్టాలి. పెట్టనన్నాడంటే వాడి దగ్గరనుంచి లేచి వచ్చేయమనండి.

ఇప్పటికే డబ్బు పోయినవాళ్లు సిగ్గుపడుతూ కూర్చోకండి, సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చేస్తే ఆ డబ్బు చేతులు మారేలోపు అంత ఎక్కువ ఆపగలుగుతారు. బ్యాంకుకు చెప్పి కార్డు, యూపీఐ ఆపించండి. ఏపీకే ఎక్కిన ఫోనును నెట్ నుంచి తీసేసి, వేరే ఫోనులోంచి పాస్‌వర్డులు మార్చండి. ఐటీ పోర్టల్‌లో మీకు తెలియని బ్యాంకు ఖాతా ఏదైనా చేరిందేమో కూడా చూడండి. ఇది చాలామందికి తట్టదు.

ఇక ఏజెంటు చేతిలో పడ్డవాళ్లు. ఆ ఉద్యోగి నన్ను అడిగింది ఒకటే: "ఇప్పుడు మనంతట మనం చెబితే ఇంకా ఇరుక్కుంటామేమో కదండీ?" ఇరుక్కోరు. అప్‌డేటెడ్ రిటర్ను, అంటే ఐటీఆర్-యూ, అందుకే ఉంది. అసెస్‌మెంట్ సంవత్సరం, అంటే ఆదాయం వచ్చిన ఏడాది తర్వాతి ఆర్థిక సంవత్సరం, ముగిశాక నాలుగేళ్ల వరకు వేయొచ్చు. మొదటి పన్నెండు నెలల్లో అయితే కట్టాల్సిన పన్ను, వడ్డీల మీద 25 శాతం అదనం. రెండో ఏడాదిలో 50, మూడులో 60, నాలుగులో 70. కేసు తెరిచి అసెస్‌మెంట్ మొదలయ్యాక మాత్రం ఈ దారి ఇంత తేలిగ్గా ఉండదు. ఆయనది 2024-25 అసెస్‌మెంట్ సంవత్సరం, 25 శాతంలో తేలాలంటే 2026 మార్చి 31 లోపు వేయాలి. ప్రొఫైల్‌లో ఆయన సొంత మొబైలు, ఆయన సొంత మెయిలు పెట్టించాను. అదే ఏజెంటు దగ్గర రిటర్ను వేయించుకున్న మరో ఇద్దరిని మర్నాడు తీసుకొస్తానన్నారు. ఫారం 16లు, పాస్‌బుక్కులు తెమ్మన్నాను.